రెండు ఇటుకలు

నల్లగొండ కోర్టుల కాయిదం దీస్కోని
మా డిపో బస్సుల్నే దేవరకొండకొచ్చిన.
కండక్టర్ పిల్ల కొత్తది. నన్ను గుర్తువట్టి
కిటికీ పక్క సీటు ఖాళీ చేయిచ్చింది.
పదిహేడేండ్ల నౌకర్ల
బస్సుల కిటికీ పక్క కూసున్నది గదే మొదాలు.

ఇంటి తాళం దీసిన.
సైదులు తన సామాను ముందుగాల్నే కొంచవోయిండు,
టీవీ, కూలరు, పెద్ద అల్మారా.
అల్మారా ఉన్న తానంల
గోడ ఇంక పెండ్లినాటి నీలి సున్నమే.
మిగిలిన గోడంత పొగ, నూనె, మా మాటలు.

వారం దినాలు ఏదీ ముట్టలే.
డ్యూటీ, బువ్వ, నిద్ర.
ఎనిమిదో దినం లీవు వెట్టిన.

మంచం కిటికీ కింద ఉండేది,
గాలి ఆయనకు తాకేటట్టు.
నాది తలుపు దిక్కు.
నాలుగ్గొట్టంగ లేవాలె గద, ఫస్ట్ బస్సు.
కోళ్ల కింద గోనెసంచి ముక్కలు వెట్టి
పక్కింటి ఖాజాబీ ఒక కొసకు, నేనొక కొసకు
హైస్సా అనుకుంట గుంజినం.
బండల మీద నాలుగు తెల్లటి గుండ్రాలు తేలినయి.
ఒక మాత్రల పట్టీ, రంగువోయిన టికెట్ చుట్ట,
మూడేండ్ల కింద నేను వెతికి వెతికి ఇడిసిన చెవి కమ్మ.
ఖాజాబీ దాన్ని కొంగుతోటి తుడిచి నా చేతుల వెట్టింది.
ఏమనలే.
ఆమెకు మాటలు తక్కువ, రెక్కల బలం ఎక్కువ.

గిన్నెల కాడికొచ్చి ఆగిపోయిన.
ప్రతి దాని మీద చుక్కలు చుక్కలుగ
సైదులు – అండాలు, తారీఖుతోటి.
మేనత్త వెట్టిన బిందె మీద నా పేరు సుత తప్పే.
పారేద్దామంటె మంచి స్టీలు.
పేరు కొట్టిచ్చినందుకు గిన్నె కారదు గద.
పేర్లన్ని గోడ దిక్కు తిప్పి వెట్టిన.
తోమినంక మళ్ల ఇటే తిరుగుతయి.
తిరగనీ.

ఇరవై రెండేండ్లు
అమ్మ అన్నది, సదురుకో బిడ్డా అని.
పంచాయితీల పెద్దమనుషులన్నరు,
ఠాణల మేడం సుత చాయ తాగుకుంటనే అన్నది.
నేను తక్కువదాన్నా?
నిండు బస్సు నడుమ నిలవడి
జర సదురుకోండ్రి, సదురుకోండ్రి అని
ముగ్గురి సీట్ల నలుగుర్ని ఇరికిచ్చినదాన్ని.
ఇయ్యాల చీరెలు సదురుతున్న.
రంగును వట్టి కాదు, ఎవలు వెట్టిండ్రో దాన్ని వట్టి.
నా జీతంతోటి కొన్నయి అన్నిటికన్న పైన.
అవి ఐదే ఎల్లినయి.

వంట గట్టు మా అత్త కొలత.
పొట్టి మనిషి, మంచిది, పోయింది.
నేను ఇన్నేండ్లు నడుము వంచి రొట్టెలు జేసిన.
బక్కయ్య మేస్త్రిని పిలిచి
రెండు ఇటుకలు లేపాలె అన్న.
టేపు దీసి కొలుసుకుంట
సారును అడిగినవా అమ్మా అన్నడు.
అడిగిన, సరే అన్నది, అన్న.
బక్కయ్యకు తాపీ ఒకసారి ఆగింది,
మళ్ల మాలు కలిపిండు.

ఐతారం స్రవంతి హాస్టల్ నుంచి వచ్చింది.
చక్కెర యాడుందే అమ్మా అన్నది.
నాకు సుత యాదికి రాలే.
ఇద్దరం డబ్బాలు ఇప్పినం,
పసుపు, సబ్బుపొడి, ఇంకోతానంల మళ్ల పసుపు.
పొయి మీద నీళ్లు మసిలి మసిలి సగమైనయి.
బెల్లమేసుకొని తాగినం.
నా చెయ్యి ఇంక పాత రూట్లనే తిరుగుతున్నది,
ఎడమ గూటి దాక వోయి
ఉత్తగ మర్లొస్తది.

రాత్రి కరెంటు వోయింది.
నీళ్లకని లేస్తె మంచం కోడు
మోకాలు చిప్పకు తాకింది.
కండ్లల్ల నీళ్లు తిరిగినయి.
తిడుదామని నోరు తెరిస్తె
అక్కడ వెట్టింది నేనే.
చీకట్ల శానసేపు మోకాలు రుద్దుకుంట కూసున్న.
మంచాన్ని మాత్రం జరుపలే.